పదో మంచం

ఒక కొండ మీద వైద్యశాల ఉండేది. ఆ కొండనీ, దాని మీది మంచినీటి ఊటనీ రాజు ఒక వైద్యుడికి ఉచితంగా ఇచ్చాడు. ఇస్తూ ఒక్క షరతు పెట్టాడు. ప్రతి పది మంచాల్లో ఒకటి చేతిలో ఏమీ లేనివాళ్లది; వాళ్ల దగ్గర ఏమీ పుచ్చుకోకుండా నయం చేసి పంపాలి. ఆ మాట రాతి మీద చెక్కించి గుమ్మం పక్కన పాతించాడు కూడా.

తొమ్మిది మంచాలు ఎప్పుడూ నిండి ఉండేవి. పదోదాని మీద తెల్లటి దుప్పటి, దుప్పటి కింద రెండు పొడుగాటి దిండ్లు. దూరం నుంచి చూస్తే ఎవరో ముసుగుతన్ని పడుకున్నట్టే ఉండేది. కింది ఊళ్ల నుంచి ఎవరైనా జబ్బుమనిషిని మోసుకొస్తే, కాపలావాడు కిటికీలోంచి ఆ మంచం చూపించి, "చూశారుగా, మనిషి ఉన్నాడు. ఖాళీ అయ్యాక రండి" అనేవాడు. దిండ్లకి జబ్బు నయమయ్యేదెప్పుడు, మంచం ఖాళీ అయ్యేదెప్పుడు!

వైద్యుడు దుర్మార్గుడేం కాదు. హస్తవాసి మంచిది, మందూ మంచిదే. కాకపోతే అతనికో భయం ఉండేది. ఒకణ్ణి రానిస్తే రేపు కొండ కిందివాళ్లంతా బారులు తీరుతారని. ఆ భయం ఏటికేడు ముదిరి, అతను రోజూ పొద్దున్నే దిండ్ల మీద దుప్పటి సరిగా ఉందో లేదో స్వయంగా చూసుకునేదాకా వచ్చింది.

ఏడాదికోసారి ఒక ముసలి అధికారి రాజముద్ర పట్టుకుని పల్లకీలో వచ్చేవాడు. పదో మంచం మీది మనిషిని చూసి, వివరాలు రాసుకుని, ఆ రాత మీద లక్క పోసి ముద్ర వేసేవాడు. ముద్ర పడితేనే కొండ మరో ఏడాది వైద్యుడిది. ముద్ర పడేదాకా అధికారి కొండ దిగకూడదు, ఆ మంచం ఖాళీగా ఉండకూడదు. అది ఆ రాజ్యంలో పద్ధతి.

ఆ ఒక్క రోజుకి దిండ్లు చాలవు కదా. అందుకని కొండ కింద ఒకణ్ణి కుదుర్చుకున్నారు. వాడి పని మూలగడం. చలిజ్వరానికి ఒక మూలుగు, కడుపునొప్పికి ఒకటి, విరిగిన కాలికి మరొకటి. ఏ ఏడు ఏది కావాలంటే అది మూలిగేవాడు. మందు పేరుతో బెల్లం పానకం పోస్తే ముఖం వికారంగా పెట్టి తాగేవాడు. ముద్ర పడీపడగానే లేచి, దుప్పటి దులిపి, కుంచెడు బియ్యం మూటగట్టుకుని ఇంటికొచ్చేవాడు. తన పనితనమంటే వాడికి గర్వం కూడా. ఇందులో ఎవరి నోటి దగ్గర కూడు లాగేస్తున్నానని ఏడేళ్లూ వాడికి తోచనే లేదు.

ఎనిమిదో ఏడు వాడి అక్కకి జబ్బు చేసింది. తల్లి పోయాక బుట్టలల్లి వాణ్ణి పెంచిన మనిషి. ఆరు రోజులు జ్వరం కాసింది. ఏడో రోజుకి ఊపిరి ఎగపోత మొదలైంది. మూలిగేవాడు పరుగున కొండెక్కాడు.

"నీ రోజు ఎల్లుండి కదరా, అప్పుడే వచ్చావేం?" అన్నాడు కాపలావాడు.

"నా కోసం కాదు, మా అక్కకి బాలేదు. అయ్యగారితో ఒక్క మాట చెప్పాలి."

వైద్యుడు బయటికొచ్చి విన్నాడు. విని, "మంచం మీద మనిషి ఉన్నాడయ్యా" అన్నాడు, అలవాటుగా.

"అయ్యా, ఆ మనిషిని నేనే కదా!"

వైద్యుడు అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "నీకు తెలుసు సరే. మీ అక్కకి తెలిస్తే ఊరంతటికీ తెలుస్తుంది. ఎల్లుండి వచ్చి నీ పని చేసి వెళ్లు. ఈసారి ఇంకో కుంచం ఎక్కువ ఇప్పిస్తాలే."

మూలిగేవాడు కొండ దిగుతుంటే ఏడేళ్లలో గుమ్మం దగ్గర్నుంచి వెనక్కి తిరిగిన వాళ్లు ఒక్కొక్కరే గుర్తొచ్చారు. కుండలు చేసే ముసలాయన తిరిగి ఇంటికి చేరనే లేదు. చంటిబిడ్డను ఎత్తుకొచ్చినావిడ ఖాళీ చేతులతో దిగింది. వాళ్లందరి మంచం మీద పడుకుని తను పానకం తాగాడు.

తనిఖీ రోజు పొద్దున్నే వాడు అక్కను వీపున వేసుకుని కొండెక్కాడు.

"నన్నెక్కడికి మోసుకుపోతున్నావురా?" అంది అక్క, సగం సోయిలో.

"పడుకోడానికే అక్కా. మెత్తగా ఉంటది."

పల్లకీ అప్పటికే కొండ మలుపు దాటింది. వైద్యుడు కంగారుగా ఎదురొచ్చాడు. "నాకు గొంతు పోయిందయ్యా, ఈ ఏటికి ఈవిడని పెట్టుకోండి" అన్నాడు మూలిగేవాడు. వైద్యుడు ఆమె మూలుగు విన్నాడు. ఆ హడావుడిలో ఆమె వాడి అక్కేనని తట్టక, అతని ముఖం విప్పారింది. "నీకంటే బాగా మూలుగుతోందే! ఎక్కడ దొరికిందయ్యా ఈవిడ?" అంటూ దిండ్లు తీయించి పడుకోబెట్టించాడు.

అధికారి వచ్చి మంచం పక్కన కూర్చున్నాడు. ఏటేటా చేసినట్టే వైద్యుడు నాడి చూస్తున్నట్టు ఆమె మణికట్టు పట్టుకున్నాడు. పట్టుకున్నవాడు ఉలిక్కిపడ్డాడు. పానకం గిన్నె పట్టుకొచ్చిన మనిషిని కళ్లతోనే వెనక్కి పంపి, లోపలి అరలోంచి అసలు మందు తెప్పించాడు. చెయ్యి ఎంతైనా వైద్యుడిది కదా, జ్వరం తగిలాక ఊరుకోలేకపోయింది.

కానీ మూలిగేవాడికి ఆ ఇంటి మర్యాద తెలుసు. ముద్ర పడిన మరుక్షణం మంచం దిండ్లకి వెళ్లిపోతుంది. ఒక్క గుక్క మందుతో అక్క బతకదు. అధికారి లక్క కరిగించడానికి ముద్రను తలగడ పక్కన పెట్టి అటు తిరిగాడు. మూలిగేవాడు దాన్ని తీసి రొంటిన దోపుకున్నాడు.

ఇక చూడాలి ఆ గోల! పరుపు ఎత్తారు, దించారు. పల్లకీ విప్పారు. తొమ్మిది మంచాల మీది గొప్పవాళ్ల మూటలు కూడా వెతికారు. ముద్ర లేదు. ముద్ర పడలేదు కనక అధికారి దిగలేదు. అధికారి ఉన్నాడు కనక మంచం ఖాళీ కాలేదు. మనిషి ఉంది కనక పూటపూటకీ మందు పడుతూనే ఉంది. అలా మూడు రోజులు గడిచాయి. నాలుగో రోజు పొద్దున అక్క లేచి కూర్చుని, "ఒరేయ్, ఆకలేస్తోందిరా" అంది. ఆ మాట విని వాడు గోడవైపు తిరిగి ఏడ్చాడు.

అదే రోజు వైద్యుడు దొంగతనం పల్లకీ మోసిన బోయీల మీద పెట్టాడు. వాళ్లని స్తంభాలకి కట్టించి కొరడా తెమ్మన్నాడు. కొరడా వచ్చేలోపే మూలిగేవాడు బయటికి పరుగెత్తాడు. ఊట దగ్గర ఒంటరిగా నిలబడ్డ అధికారి దగ్గరికి వెళ్లి గుప్పిట విప్పాడు.

"నేనే తీశానయ్యా. వాళ్లని వదిలెయ్యమనండి. ఇంకోటి కూడా చెప్పాలి. ఏడేళ్లూ ఆ మంచం మీద రోగం నటించింది నేనే."

అధికారి ముద్ర వైపు చూడలేదు. "మొదటి ఏడే కనిపెట్టాను. జ్వరపడ్డవాడి పిక్కలు అలా గట్టిగా ఉండవు."

"తెలిసి కూడా ముద్ర వేశారా?"

"వేస్తే సాయంత్రానికి ఇల్లు చేరొచ్చు. అంతకంటే కారణం లేదు." ముసలాయన నీళ్ల వైపు తిరిగాడు. "ఈ మూడు రోజులూ ఆ మంచం పక్కన కూర్చున్నాను. మనిషి బాగుపడటం నా ఉద్యోగంలో మొదటిసారి చూశాను."

అతను చెయ్యి చాచి, వాడి వేళ్లు ఒక్కొక్కటే ముద్ర మీదికి మడిచాడు. గుప్పిట మూసి, గట్టిగా నొక్కి, లోపలికి నడిచాడు.

"బోయీలను విప్పండి. ముద్ర ఎవరూ తీయలేదు. ఈ గదిలోనే ఎక్కడో పడింది, నేనే వెతుకుతాను."

అక్క మంచం దిగి తమ్ముడి భుజం పట్టుకుంది. వైద్యుడి చెయ్యి అలవాటుగా దిండ్ల వైపు వెళ్లింది.

"తనిఖీ పూర్తి కాలేదు. మంచం ఖాళీగా ఉండకూడదు" అన్నాడు అధికారి. "గుమ్మం దగ్గర ఎవరున్నారు?"

కాపలావాడు చెప్పాడు. "ఒక రాళ్లు కొట్టేవాడండీ. నిన్నట్నుంచి అక్కడే పడి ఉన్నాడు."

"తీసుకురా."

రాళ్లు కొట్టేవాణ్ణి ఇద్దరు మోసుకొచ్చి పడుకోబెట్టారు. వైద్యుడు దిండ్లు కింద పెట్టి, అతని మణికట్టు అందుకున్నాడు.

"ఎన్నాళ్లు వెతుకుతారండీ?" అని అడిగాడు నాడి చూస్తూనే.

"దొరికేదాకా" అన్నాడు ముసలాయన. తలపాగా తీసి పక్కన పెట్టి, మోకాళ్ల మీద వంగి, ఏమీ లేదని తనకు తెలిసిన ఆ మంచం కింద వెతకడం మొదలుపెట్టాడు.