నక్క కుట్టిన జీను

నమ్మితే నమ్మండి, లేపోతే మానండి. ఆ పెళ్ళిలో బూరెలు నేనూ తిన్నాను.

ఏటి గట్టు మీది తాబేలు కుర్రాడికి పెళ్ళి కుదిరింది. ఆడపెళ్ళివారిది కొండవతల. ఈడు నడిచెళ్ళేసరికి పెళ్ళికూతురికి పళ్ళూడిపోతాయి. అందుకని గుర్రమ్మే మొయ్యాలి. ఆమె జీను చూస్తే కుట్లూడి, లోపలి కూరుడంతా ఉండలు కట్టి, వీపు ఒరిసిపోయింది.

"జీను బాగైతేనే వస్తా. మళ్ళీ పుండు పడితే నా బతుకేంగాను?" అంది గుర్రమ్మ.

ఆ అడవిలో జీనులు కుట్టేది నక్క ఒక్కడే. లోపల కూరడానికని పొట్టేలు మామ ఒంటిమీది బొచ్చంతా కత్తిరించిచ్చి, తను చలికి గజగజా ఒణికాడు. నక్కేం చేశాడు? మెత్తటి బొచ్చు తన పడక కిందేసుకున్నాడు. గడ్డి కోసే ఓపిక్కూడా లేక, గుమ్మంలో దొరికిన పల్లేరుకాయలు జీనులో కూరి కుట్టేశాడు. పైకి మాత్రం రాజుగారి జీనే!

జీను చూడ్డానికి అందరూ ఏటి గట్టు దగ్గర చేరారు. కుట్టినోడే ముందు మోసి చూపించాలి, అది అక్కడి కట్టుబాటు.

"ఏసుకో బావా," అంది గుర్రమ్మ.

"నడుం పట్టేసింది మరదలా, కుట్టీ కుట్టీ."

గుర్రమ్మ జీను మీద గిట్ట ఆనించింది. గరగరమంది. బొచ్చు ఎక్కడన్నా గరగరమంటదా? పైకి మాత్రం నవ్వి, పొట్టేలు మామకి కన్ను గీటింది.

"పోనీ మొయ్యొద్దులే. ఊరికే ఏసుకుని నిలబడు. ఆ తోకకీ ఆ నడుముకీ నిన్నే పెళ్ళిగుర్రం అనుకుంటారు!"

నక్క పొంగిపోయాడు. పైన బరువు పడితే కదా గుచ్చుకునేది! "ఏదీ, ఎయ్యండి."

పొట్టేలు మామ పొట్ట కింద జీను తంగు పట్టీ బిగించి ముడేశాడు. "బిగువు సరిపోయిందా అల్లుడూ?"

"భేషుగ్గా ఉంది మామా."

"అయితే ఎక్కరా పెళ్ళికొడకా!"

తాబేలు గట్టు మీంచి దబ్బున జీను మీద పడ్డాడు.

"అమ్మోయ్!"

ఏం ఉరుకుడండీ అది! ఏరు దూకాడు, కొండ దూకాడు. ఆ ఊపుకి కొండ కాస్త పక్కకి జరిగింది, నా కళ్ళతో చూశాను.

"దిగరా బాబూ!"

"కాస్త ఓర్చుకో నక్కన్నా, మేళం వినపడతంది!"

ముహూర్తానికి ముందే పెళ్ళికొడుకు పీటల మీదున్నాడు.

గుర్రమ్మా, పొట్టేలు మామా తాపీగా వచ్చేసరికి నక్క బోర్లాపడి ముళ్ళు పీకించుకుంటున్నాడు.

"జీను ఎలాగుంది బావా?"

"బొచ్చు... నా పడక కిందుంది మరదలా."

ఆ బొచ్చు తెప్పించి, నక్కచేతే విప్పించి మళ్ళీ కుట్టించారు. ఈసారి ఎవరూ అడక్కముందే వీపు మీదేసుకుని, పెళ్ళికొడుకుని తనే ఎక్కించుకున్నాడు. పెళ్ళివారు పొట్టేలు మామకి శాలువా కప్పారు. కొత్త జంటని గుర్రమ్మ ఇంటికి తెచ్చింది, వీపు మీద చిన్న గీత పడితే ఒట్టు.

ఎదుటోడి వీపుకి కుట్టేది, నీ వీపు మీదే పడుద్దనుకుని కుట్టు.