ఎండను తూచబోయిన పైడమ్మ

అనగనగా ఒక ఊళ్ళో, సుత్తి చప్పుడు ఆగని కంసాలి వీధిలో, పైడమ్మ అని ఒక పిల్ల ఉండేదిరా కన్నా. వేళ్ళు ముడవకుండానే లెక్క చెప్పేసేది. వాళ్ళ తాత దగ్గర ఒక బుల్లి త్రాసు ఉండేది. సగం గురిగింజ వేసినా పళ్ళెం ఒరిగేది. మనవరాలు పైడమ్మకీ, మనవడు వీరాచారికీ దాని మీదే కన్ను.

ఒక వేసవిలో వీరాచారికి ఎండదెబ్బ తగిలింది. మజ్జిగ తాగి లేచి కూర్చున్నాడు.

అప్పుడు పైడమ్మ అంది, "తాతా, దెబ్బ కొట్టాలంటే బరువుండాలి కదా! సుత్తికుంది, రాయికుంది. అయితే ఎండకీ ఉంది."

"అవునే మరదలా, నా నెత్తిన బస్తాడు ఎండ పడింది," అన్నాడు వీరాచారి. వీధంతా నవ్వింది.

తాత నవ్వలేదు. "నోటితో కాదు, తూచి చూపించు. చూపిస్తే త్రాసు నీది. లేకపోతే మీ బావది."

పైడమ్మ ఒక పళ్ళేన్ని ఎండలో, రెండోదాన్ని నీడలో ఉంచింది. ఎండలోది కిందికి దిగాలా? పైకి లేచింది!

"నీ ఎండకి బరువు లేకపోగా, తరుగు కూడానా!" అన్నాడు బావ.

పైడమ్మ పట్టు వదల్లేదు. వేడిగాలి పైకి లేస్తూ పళ్ళేన్ని మోస్తోందని కనిపెట్టింది. ఆ తర్వాత త్రాసుని గాజుపెట్టెలో మూసి, చల్లని పొద్దుటి ఎండ ఒక్క పళ్ళెం మీదే పడేలా చూసింది. ముల్లు ఇసుమంత కూడా కదల్లేదు.

ఆ పూట పిల్లకి అన్నం సయించలేదు. లెక్క ఒకటి చెబుతోంది, త్రాసు ఇంకొకటి చెబుతోంది. "త్రాసు అబద్ధమాడదు. తప్పు నా లెక్కలోనే ఎక్కడో ఉంది. పట్టుకుంటాను," అనుకుంది.

అప్పుడు ఆకాశంలో తోకచుక్క వచ్చింది. సూర్యుడి వైపు వచ్చేటప్పుడు తోక వెనక ఉంది. సూర్యుణ్ణి చుట్టి తిరిగి పోయేటప్పుడు మాత్రం తోక ముందు, చుక్క వెనక! అందరూ వింత అనుకుని ఊరుకున్నారు. పైడమ్మ రోజూ చూసింది. తోక ఎప్పుడూ సూర్యుడికి అవతలి పక్కనే!

"తాతా! వెలుగే ఆ తోకలోని ధూళిని అవతలికి నెడుతోంది. బరువు లేదు కానీ తోపు ఉంది! తొయ్యాలంటే బరువుండాలి అనుకున్నానే, అక్కడే నా లెక్క తప్పింది."

"మరి నన్ను కొట్టిందేంటే?"

"నిన్ను కొట్టింది వేడి బావా. మిట్టమధ్యాహ్నం గోడలెక్కి తిరిగితే కొట్టదూ?"

"అయితే పందెం ఓడావు," అన్నాడు తాత.

"ఓడాను. త్రాసు బావకిచ్చెయ్యి. బరువు లేని తోపుని అది కొలవలేదు. కొలిచేది నేనే చేసుకుంటాను. ఊదితే ఎగిరిపోయేంత పల్చని బంగారు రేకు కొట్టివ్వు, వేలాడదీసి వెలుగు తోస్తే ఎంత జరుగుతుందో చూస్తాను."

తాత త్రాసు వీరాచారి చేతిలో పెట్టి, సుత్తి అందుకున్నాడు. వీరాచారి త్రాసుని పక్కన పెట్టి, పట్టుదారం తెచ్చాడు.

"ఎక్కడ కట్టనే, చెప్పు!"

తూచబోతే తూగదు వెలుగు,
తోకచుక్కను తోసే వెలుగు!
కథేమో కంచి దారి పట్టింది,
కన్నయ్య కంటికి కునుకు పట్టింది.