విచారిస్తామన్న రాజు

పూర్వం తుంగాతీరాన కేతుమతీ నగరాన్ని ఏలిన ప్రియధన్వ మహారాజు, ఏటా చైత్రంలో జరిగే ధనురుత్సవానికి అధిపతి. బాల్యంలో ఆ రంగస్థలిలోనే విల్లు పట్టినవాడు కావడంచేత, నీళ్ళు చల్లిన మట్టివాసన తగిలితే చాలు, తొలి బాణం వదిలిన ఉదయమూ, గురువు దృఢాస్త్రుడు భుజం తట్టి నవ్విన నవ్వూ గుర్తొచ్చి ఆయన కళ్ళు చెమర్చేవి.

ఒకనాడు మేదిని అనే విలుకత్తె సభకు వచ్చి మొరపెట్టుకుంది.

"మహారాజా! దృఢాస్త్రాచార్యులు విద్య నెపంతో మమ్మల్ని ఏకాంతానికి పిలిచి చెరుపుతున్నారు. కాదన్నందుకు నా చెలి సువ్రత వేళ్ళు విరగ్గొట్టారు."

రాజు ముఖం వాడింది. "విచారిస్తాం" అన్నాడు.

మరుసటేడూ ఆమె వచ్చింది. మళ్ళీ అదే మాట.

"ఆ విచారణ ఈ యుగంలోనేనా ప్రభూ?" అని మేదిని వెళ్ళిపోయింది. ప్రేమించినచోటే చెవులు ఎందుకు మూసుకుపోతాయో!

చైత్రం వచ్చింది. ఉత్సవం ఆరంభించమని ఆజ్ఞాపించబోయిన రాజు నోట "విచారిస్తాం" అని వెలువడింది. మంచినీళ్ళు అడగబోయినా అదే మాట. మహారాణి కంగారుపడి "ఏమైంది ప్రభూ?" అంటే, "విచారిస్తాం!"

"మాకు అలవాటైన సమాధానమే!" అని విలుకాళ్ళలో ఎవరో అన్నారు. జనం గొల్లుమన్నారు. మేదిని మాత్రం నవ్వలేదు.

సిగ్గుతో పూజామందిరం చేరిన రాజుకు శ్వేతాంబరధారిణియైన వాగ్దేవి ప్రత్యక్షమై, "నాయనా, ఆ మాటకు రెండర్థాలు ఇచ్చాను. అడిగి తెలుసుకోవడం ఒకటి, దుఃఖించడం ఒకటి. నువ్వు రెండూ చేయలేదు. చేసేదాకా నీకు వేరే మాట లేదు" అని అంతర్ధానమైంది.

రాజు కాలినడకన సువ్రత ఇంటికి వెళ్ళాడు. అల్లెతాడు పట్టలేని ఆ వంకరవేళ్ళను చూసి భోరున ఏడ్చాడు. అప్పుడు గొంతు పెగిలింది.

"ఏం జరిగిందో చెప్పు తల్లీ."

పొద్దుగూకేదాకా సువ్రతా, ఆమె పక్కనే ఉన్న మేదినీ చెప్పారు. ఆయన విన్నాడు. మర్నాడు సభకు రప్పించిన దృఢాస్త్రుడు, "నీకు విల్లు పట్టడం నేర్పింది నేను కాదా?" అన్నాడు.

"మీరే ఆచార్యా. అందుకే వినలేదు. ఆ నేరం నాది."

గురువును దేశం వెడలగొట్టి, తన ఉత్సవాధిపతి దండాన్ని సువ్రతకు అప్పగించాడు. వాగ్దేవి సంతసించి వరం కోరుకోమంది. ఆ పాత ఉదయాన్ని, ఆ పాత నవ్వును తిరిగి ఇమ్మని అడగాలనిపించింది. అడగలేదు.

"అమ్మా, ఈ రంగానికి అధిపతులయ్యేవారికి ముందు చెవులివ్వు."

"తథాస్తు" అంది దేవి.

మరుసటి చైత్రంలో సువ్రత ఆజ్ఞపై మట్టిమీద నీళ్ళు చల్లారు. జనంలో కూర్చున్న రాజు కళ్ళు తుడుచుకోవడం మేదిని చూసింది.

"విచారిస్తున్నారా ప్రభూ?"

"అవునమ్మా, ఇప్పటికి" అన్నాడు ప్రియధన్వుడు.