గజశాలలో తమ్ముడు

జోడీ చచ్చిపోయిన దిగులుతో కంచుకోన రాజుగారి పట్టపుటేనుగు మేత ముట్టడం మానేసింది. రాజుగారు వెంటనే వైద్యుణ్ణి పెట్టించారు. మావటి పక్కనే కూర్చుని కబుర్లు చెప్పాలనీ, ఎవరూ అంకుశం ఎత్తరాదనీ ఆజ్ఞ వేశారు.

అదే ఊళ్ళో బుట్టలల్లే సుంకులమ్మ తమ్ముడు పుల్లన్న, పెళ్ళాం పోయిన నాటినుంచి మాటా పలుకూ లేకుండా కూర్చున్నాడు. దయ్యం పట్టిందని ఊరివాళ్ళు వేపమండలతో బాదారు. వైద్యం చేయించమని సుంకులమ్మ వెళ్ళి అడిగితే మంత్రి విరూపాక్షయ్య కసిరాడు.

"గాయమేదే? మనసుకి మందేమిటి, సోమరిపోతు వేషాలు! రెండు తగిలించు, వాడే లేస్తాడు."

మర్నాడు ఆమె తమ్ముణ్ణి తీసుకెళ్ళి గజశాలలో ఏనుగు పక్కన కూర్చోబెట్టింది. వాడి ముందు కూడా నాలుగు చెరుకుగడలు వేసింది.

కబురు విని మంత్రి రాజుగారిని వెంటబెట్టుకుని ఊగిపోతూ వచ్చాడు. "ఒసే, నీ తమ్ముడేమన్నా ఏనుగా?"

"కాదు బాబయ్యా, జబ్బు మాత్రం అదే. ఏనుగుకి గాయమేదని తమరు అడగలేదు, రెండు తగిలించమనీ అనలేదు. ఇంతకీ వైద్యం దిగులుకా, తొండానికా? తొండానికే అయితే చెప్పండి, వెదురుతో ఒకటి అల్లి వీడికి కట్టేస్తాను."

రాజుగారు పగలబడి నవ్వారు. "అల్లొద్దులే. ఈ వైద్యుడే నీ తమ్ముణ్ణీ చూస్తాడు, పో."

సుంకులమ్మ కదల్లేదు. "ఏనుగు తరఫున ఎవరూ వచ్చి పోట్లాడలేదు ప్రభూ, అయినా వైద్యుడొచ్చాడు. మరి నాలాంటి నోరున్న అక్క లేనివాళ్ళ సంగతేమిటి?"

రాజుగారి నవ్వు ఆగిపోయింది. ఊరూరా వైద్యుణ్ణి పెట్టించారు. "దిగులు దయ్యం కాదు, జబ్బు" అని దండోరా వేసే పని మంత్రికే అప్పగించారు. ఆయన గొంతు తగ్గినప్పుడల్లా వెనకనుంచి సుంకులమ్మ అందుకునేది: "ఇంకాస్త గట్టిగా బాబయ్యా!"