రెండున్నర గంటల దారి

ఉప్పు కయ్యల పక్కన కట్టిన విమానాశ్రయం గోడ అవతల ఒక చిత్తడి మడుగుంది. చలికాలమంతా అక్కడ మేసి, ఎండ ముదరగానే ఉత్తరాది కొండల కింది సరస్సుకు వెళ్లిపోయే బాతుల గుంపు, తెల్లారితే ప్రయాణం కట్టాలి. ఆ గుంపులోని సూరమ్మ గుండెల్లో మాత్రం రాయి పడింది. ఆమె మొగుడు చంద్రయ్య రెక్క కంచె తీగకు చీరుకుని, ఇంకా పూర్తిగా మానలేదు.

"నావల్ల గుంపు వెనకబడకూడదే. నువ్వెళ్లు, నేనుంటాను," అన్నాడు చంద్రయ్య తల దించుకుని.

"ఊరుకో. పదేళ్లుగా పక్కపక్కనే ఎగిరాం," అంది సూరమ్మ, అతని రెక్క ఈకలు ముక్కుతో సర్దుతూ.

ఆ మాటలు తుంగలో నక్కిన నక్క గురవయ్య చెవిన పడ్డాయి. రోజూ పొద్దువాలే వేళకి అటు రావడం అతనికి అలవాటు. గుంపు కాపలా గట్టిది, అతనికి ఇంతవరకూ ఒక్క ఈకా దొరకలేదు.

"ఏం చెల్లెమ్మా, అంత దిగులు? ఉత్తరాదికేగా? ఆ గోడ లోపల మైకులో రోజూ చెబుతారు, నేను వింటూనే ఉంటాను. పదిహేడు వందల కిలోమీటర్లు, రెండున్నర గంటలు! మీవాళ్లు తిండిపోతులు, చెరువు చెరువుకీ దిగుతూ ఇరవై రోజులు చేస్తారు. బావని పది రోజులు పడుకోనివ్వు. తరవాత ఇద్దరూ తిన్నగా వెళ్లండి. పొద్దున బయల్దేరితే మధ్యాహ్నం మేతకి అక్కడుంటారు. అందాకా కాపలాకి నేను లేనూ?"

సూరమ్మకు ప్రాణం లేచొచ్చింది. నమ్మాలని ఎంతగా అనిపించిందో! అయినా అనుమానం పీకుతుంటే అడిగింది.

"మధ్యలో తిండీ నీళ్లూ లేకుండానా అన్నా?"

"విమానం దిగుతుందా ఏమిటి? బయల్దేరే ముందే పెద్ద ట్యాంకరొచ్చి అరగంటసేపు దాని కడుపు నింపుతుంది. అక్కడ దిగాక మళ్లీ నింపుతారు," అన్నాడు గురవయ్య గొప్పగా.

సూరమ్మ మొగుడి డొక్కలకేసి చూసింది. ఈ డొక్కలు నింపే ట్యాంకరేదీ? కాపలా కాస్తానన్నవాడు మాటిమాటికీ మూతి నాక్కోవడం కూడా అప్పుడే కనబడింది.

"బాగా చెప్పావన్నా, ఉండిపోతాం. కానీ గుంపు చూస్తే లాక్కుపోతుంది. తెల్లారగట్ల రన్‌వే చివరి గడ్డిలో దాక్కుంటాం. తోడుగా నువ్వూ అక్కడికే రా."

నక్క వెళ్లగానే ఆమె గుంపు పెద్ద భద్రమ్మ దగ్గరికి పరిగెత్తింది.

"అక్కా, చంద్రయ్యని వరస చివర ఎగరనియ్యి. ముందువాళ్ల రెక్కల గాలి అతన్ని సగం మోస్తుంది. ముందుండి గాలి కోసే అతని వంతు కూడా నేనే ఎగురుతాను."

"ముందే అడగడానికి ఇంత జంకు దేనికే? మొదటి మూడు రోజులూ దగ్గర చెరువుల్లోనే దిగుదాం," అంది భద్రమ్మ. సూరమ్మకు కళ్లనీళ్లు ఆగలేదు.

తెల్లవారింది. గురవయ్య గోడ కింది కన్నంలోంచి దూరొచ్చి, గడ్డిలో నోరూరించుకుంటూ కూర్చున్నాడు. మొదటి విమానానికి ముందు పక్షుల్ని తరమడానికి సిబ్బంది జీపులో వచ్చి టపాకాయలు కాలుస్తారని బాతులకు తెలుసు. చలికాలమంతా వాటికి మెలకువొచ్చింది ఆ చప్పుడుకే. పొద్దువాలితే తప్ప రాని గురవయ్యకు తెలీదు.

ఢాం! ఢాం! గురవయ్య తోక కాళ్ల మధ్య పెట్టుకుని, ఎదురుగా కనబడిన మురికి కాలవలోకి దూకేశాడు. తల పైకెత్తేసరికి, ఆకాశంలో బాతుల బారు. అందరికన్నా ముందు సూరమ్మ, అందరికన్నా చివర చంద్రయ్య.

"వస్తాం అన్నా!" అని కేకేసింది సూరమ్మ. "మాకు ఇరవై రోజులు పడుతుంది!"

దారి ఎంతసేపో ఎవరైనా చెబితే, ఆ లెక్క ఎవరి రెక్కలతో వేశారో ముందు అడగాలి.