రొట్టెలు దాచిన గొంగడి చాప

అనగనగా ఒక అడవి. ఆ అడవి అంచున ఒక గుట్ట, గుట్ట కింద ఒక గొర్రెల దొడ్డి, దొడ్డికి కాపలాగా ఒక కుక్క. కుక్క మాట్లాడుతుందా అని ఇప్పుడే అడగకండి. ఆ దొడ్డిలో అందరూ మాట్లాడేవాళ్ళే. కుక్క మాట్లాడేది, కోడి మాట్లాడేది. గొర్రెలైతే నోరు మూసేవే కావు.

కుక్క పేరు మెరుపు. ఎర్రటి ఒళ్ళు, నిక్కబొడుచుకున్న చెవులు, సన్నటి నడుం. పరుగులో దాన్ని మించిన కుక్క ఆ చుట్టుపక్కల లేదు. అయితే తిండిలోనూ మెరుపే. చిక్కంతా అక్కడే వచ్చింది.

దొడ్డి కొమురవ్వది. గొర్రెల్ని కాయడం, వాటి ఉన్నితో గొంగళ్ళు నేయడం ఆమె పని. రోజూ పొద్దునా, సాయంత్రమూ రెండేసి జొన్నరొట్టెలు తుంచి సత్తు గిన్నెలో వేసి మెరుపు ముందు పెట్టేది. ఆమె వంగిన నడుం ఎత్తేలోపు గిన్నె ఖాళీ! మెరుపు నమిలేది కాదు, మింగేది. మింగి, గిన్నెని నాకి, గిన్నెని ముక్కుతో దొర్లించి, "ఇంకా?" అన్నట్టు చూసేది.

"అయ్యో, బిడ్డకు ఆకలి తీరలే," అని కొమురవ్వ ఇంకో రొట్టె వేసేది. అదీ గుటుక్కు. పిల్లలకి అన్నం పెట్టే అమ్మలందరూ చేసే పొరపాటే ఆమె కూడా చేసింది, పాపం. తొందరగా తింటే ఆకలి ఎక్కువని అనుకుంది.

దొడ్డిలో ఒక కోడిపెట్ట ఉండేది. ఒంటినిండా తెల్ల పొడలు. అందుకే అందరూ పొడలక్క అనేవాళ్ళు. పొడలక్కకి నోరు కొంచెం ఎక్కువ.

"తమ్మీ, రొట్టె రుచి ఎట్లున్నదో నీకు ఎన్నడన్న తెలిసిందా?" అని అడిగింది ఒకరోజు.

"రుచి చూసుకుంట కూసుంటే ఎవడన్న వచ్చి తింటడు. ఆలస్యం అమృతం విషం అన్నరు పెద్దలు," అంది మెరుపు మూతి నాక్కుంటూ.

"పరుగెత్తి పాలు తాగుడు కంటే నిలబడి నీళ్ళు తాగుడు మేలని కూడా అన్నరు. ఆ పెద్దలు నీ చెవిన పడలేదా?"

మెరుపు వినలేదు. ఒక్కటి మాత్రం నిజం. తినడం రెప్పపాటులో అయిపోయేది. గొర్రెలు మేతకి వెళ్ళి వచ్చేదాకా, వచ్చాక మళ్ళీ పడుకునేదాకా దానికి ఏమీ తోచేది కాదు. తోచక కొమురవ్వ చెప్పు కొరికింది. తోచక ఆమె నేస్తున్న గొంగడి దారాన్ని దొడ్డంతా ఈడ్చింది. తోచక దొడ్డి కంచె కింద మట్టిని గీకి గీకి, గీకి గీకి, పెద్ద గుంట చేసింది.

ఒక సాయంత్రం ఆ గుంటలోంచే నక్క దూరింది.

మెరుపు అప్పుడే మూడు రొట్టెలు మింగి ఉంది. నక్కని చూసి ఒక్క ఉరుకు ఉరికింది. పదడుగులు వేసిందో లేదో, కడుపు బండలా బిగిసింది. ఇంకో రెండడుగులు వేసి, ఆగి, మింగిన రొట్టెలన్నీ ముక్కలు ముక్కలుగా కక్కేసింది. ఈలోగా నక్క పొడలక్కని పట్టుకోబోయింది. పొడలక్క ఎగిరి గుడిసె కప్పు మీద పడింది గానీ, తోక మాత్రం నక్క నోట్లో ఉండిపోయింది.

"నా తోక! ఏడాది పెంచుకున్న తోక!" అని పొడలక్క కప్పు మీంచి లబలబలాడింది. గొర్రెలన్నీ దానికి వంత పాడాయి.

కొమురవ్వ వచ్చింది. కంచె కింద గుంట చూసింది. కక్కిన రొట్టెలు చూసింది. మెరుపు ముందు గొంతుక్కూర్చుంది. ఆమె అరిచి ఉంటే మెరుపుకి ఇంత బాధ కలిగేది కాదేమో. ఆమె నెమ్మదిగా మాట్లాడింది.

"మెరుపూ, పది దినాలల్ల మందను అడివి లోపలికి తోలుకపోవాలె. అక్కడ కంచె ఉండదు, నీ కండ్లే కంచె. నువ్వు గిట్లుంటే నేను ఎవల మీద భరోసా పెట్టుకోవాలె? ఈ పది దినాలల్ల మారకుంటే నిన్ను ఇంటికాడ గుంజకు కట్టేసి, మా తమ్ముని కుక్కను తోలుకపోత."

పుట్టిన దగ్గర్నుంచి మంద అడవికి వెళ్ళిన ప్రతిసారీ మెరుపే వెనక నడిచింది. ఆ రాత్రి అది తోక కాళ్ళ మధ్య పెట్టుకుని మూలన ముడుచుకుంది. ముత్తెం వచ్చి దాని పొట్టకి ఒరిగింది. ముత్తెం అంటే మందలో అందరికన్నా చిన్న గొర్రెపిల్ల. నల్ల మందలో అదొక్కటే తెల్లగా ఉంటుంది. రోజూ మెరుపు పొట్ట మీదే నిద్ర.

"నువ్వు రాకుంటే నేను ఎవల మీద పండాలె?" అని అడిగింది ముత్తెం. మెరుపు దాని తల నాకింది.

తెల్లవారగానే పొడలక్క వచ్చింది. తోక లేక నడక కాస్త వంకరగా ఉంది.

"నీ మీద నాకు కోపం తగ్గలేదు," అంది. "కానీ ఆ వచ్చే కుక్క కోళ్ళను తినేదైతే నా గతేంది? అందుకే చెప్తున్న, విను. నేను పొద్దంతా ఏం చేస్త?"

"గీకుతవు."

"ఒక్క గింజ కోసం పది చోట్ల గీకుత. చూస్త, ఏరుకుంట, ముందుకు పోత. నాకు ఎన్నడన్న కడుపు నొచ్చిందా? పొద్దు పోతలేదని ఎవల చెప్పులన్న కొరికిన్నా? నీ రోగం కడుపుల లేదు తమ్మీ, గిన్నెల ఉన్నది."

అలా అని అది నేరుగా కొమురవ్వ దగ్గరికి వెళ్ళింది. "అవ్వా, వాని గిన్నె తీసెయ్యి!"

మెరుపు అదిరిపడింది. "అక్కా! తోకకు తోక అంటే ఇస్త గానీ, తిండి మాన్పియ్యకు!"

"నోరు మూసుకొని చూడు," అంది పొడలక్క. అవ్వ చెవిలో ఏదో చెప్పింది. కొమురవ్వ ముందు నవ్వింది, తర్వాత ఆలోచించింది, ఆపైన గుడిసెలోకి వెళ్ళి ఒక గోనెసంచీ, చిరిగిపోయిన పాత గొంగడి తెచ్చింది. గొంగడిని వేలెడు వెడల్పు పేలికలుగా కోసింది. గోనెసంచిని పరిచి, దబ్బనంతో బెజ్జాలు పొడుస్తూ ఒక్కొక్క పేలికనీ దూర్చి ముడి వేసింది. మధ్యాహ్నానికి గోనె కనిపించనంత ఒత్తుగా పేలికలు లేచి నిలబడ్డాయి. చూడటానికి నల్లగడ్డి మొలిచిన చాపలా ఉంది. ఇప్పుడు పట్నంలో కుక్కల్ని పెంచేవాళ్ళు ఇలాంటి చాపల్నే కొని తెచ్చుకుంటున్నారు. మన కొమురవ్వకి పాత గొంగడే సరిపోయింది.

ఆమె రొట్టెని చిన్న చిన్న ముక్కలు చేసి, పేలికల లోపల లోపలికి దాచింది. "ఇగ తిను బిడ్డా."

మొదటిరోజు మెరుపు చాపని నోట కరుచుకుని ఎడాపెడా విదిలించింది. రొట్టెముక్కలు వానలా ఎగిరి పడ్డాయి. పొడలక్క పిల్లలతో సహా వచ్చి ఒక్క నలుసు కూడా మిగల్చకుండా ఏరుకు తినేసింది. "మంచి చాప. నాకు బాగా పనికొచ్చింది," అంది త్రేన్చి. మెరుపు ఆ పూట పస్తు.

రెండోరోజు మెరుపు పేలికల్నే పళ్ళతో పీకింది. నోటినిండా ఉన్ని. దగ్గీ దగ్గీ కళ్ళ వెంట నీళ్ళు వచ్చాయి. కొమురవ్వ వెంటనే చాప లాక్కుని, ఊడిన పేలికలు మళ్ళీ ముడివేసింది. ఈసారి పక్కనే కూర్చుని దాని వీపు మీద చెయ్యి వేసింది. "నిమ్మళంగ, బిడ్డా. రొట్టె నీదే. ఎవలు గుంజుకుంటరు?"

ఆ మాట మెరుపు మనసులో ఎక్కడో తగిలింది. నిజమే, ఎవరు లాక్కుంటారు?

మూడోరోజు అది చాప పక్కన పడుకుని, ముక్కు మెల్లగా పేలికల్లో పెట్టింది. అబ్బ, ఎన్ని వాసనలు! ముందుగా గొర్రె ఉన్ని వాసన. దాని కింద గోనె వాసన. దాని పక్కన కొమురవ్వ చేతి వాసన, పొగ వాసన, ముత్తెం ఎప్పుడు తొక్కిందో ఏమో పాల వాసన. వీటన్నిటి అడుగున, సన్నగా, జొన్నరొట్టె! పేలికని ముక్కుతో పక్కకి నెట్టింది. ముక్క దొరికింది. నాలుకతో తీసుకుని నమిలింది. జొన్నరొట్టె తియ్యగా ఉంటుందని దానికి ఆ రోజే తెలిసింది. దాని తోక దానంతటదే ఊగింది.

రెండు రొట్టెలు పూర్తయ్యేసరికి పొద్దు గుట్ట దాటి పైకొచ్చింది. ఇంకో రొట్టె అడగాలని అనిపించలేదు. పొలం పని చేసి వచ్చిన రైతులా కాళ్ళు చాపి హాయిగా కునుకు తీసింది. ఆ రోజు చెప్పు జోలికి పోలేదు, కంచె జోలికీ పోలేదు. కొమురవ్వ కూడా ఊరుకోలేదు. రోజుకో రకంగా, ఇంకా లోపలికి, ఇంకా మూలలకి రొట్టె దాచేది. మెరుపు రోజూ గెలిచేది.

ఇలా తొమ్మిది రోజులు గడిచాయి. ప్రయాణానికి ఇంకా ఒక్క రోజు ఉంది. ఆ పొద్దున చెయ్యి చాస్తే చెయ్యి కనపడనంత పొగమంచు కమ్మింది. మేతకి గుట్ట ఎక్కిన మంద దారి కనిపించక మళ్ళీ దిగి వచ్చింది. ముత్తెం రాలేదు.

"ముత్తెం! ముత్తెం!" కొమురవ్వ పిలుపు మంచులోనే మునిగిపోయింది.

మెరుపుకి కాళ్ళు ఆగలేదు. గుట్ట దాకా ఉరికింది, వాగు దాకా ఉరికింది, మళ్ళీ దొడ్డికి ఉరికి వచ్చింది. ఎటు చూసినా తెల్లటి మంచే. దానికి ఏడుపొచ్చింది.

"ఆగు తమ్మీ!" పొడలక్క కంచె మీంచి అరిచింది. "అడివంతా ఒక్క చాప అనుకో!"

మెరుపు ఆగింది. ఊపిరి తీసుకుంది. ముక్కు నేలకి ఆనించింది. తడి మట్టి వాసన, గొర్రె పెంటికల వాసన, కొత్తగడ్డి వాసన. వాటి అడుగున, సన్నగా, పాల వాసన! ఒక్కొక్క అడుగే వేస్తూ ఆ వాసన వెంట వెళ్ళింది. ఒక ముల్లుకి చిక్కిన తెల్ల ఉన్ని కనిపించింది. అక్కడి నుంచి ఎడమకి. అక్కడి నుంచి లోపలికి.

దారి మధ్యలో ఒక ఎముక పడి ఉంది. ఇంకా మాంసం అంటుకుని ఉన్న మంచి ఎముక. పొద చాటు నుంచి నక్క గొంతు వినిపించింది.

"తిను అల్లుడూ! పొద్దుగాల ఏం తినకుంటనే వచ్చినట్టున్నవు. ఆలస్యం అమృతం విషం అని నువ్వన్నది కంచె అవతలికెల్లి విన్న గద!"

మెరుపుకి నోరూరింది. ఊరదా మరి! పాత మెరుపైతే ఆ ఎముక ఈపాటికి కడుపులో ఉండేది. కానీ చాప మీద ఇన్నాళ్ళూ వెతికిన ముక్కు ఊరుకోలేదు. ఎముక వాసన పైపైన ఉంది. దాని అడుగున నక్క వాసన ఉంది. ఆ రెండిటికీ అవతల, భయంతో వణుకుతున్న చిన్న పాల వాసన ఉంది.

"ఎముక ఎక్కడికి పోదు. ముత్తెం పోతది," అనుకుంది మెరుపు. ఎముకని దాటి ముందుకు వెళ్ళింది.

పది గజాల అవతల రేగుపొద. దాని నడిమధ్యన ముత్తెం. ఉన్నికి ముళ్ళు చిక్కుకుని కదల్లేక ఉంది. ఆ ముళ్ళే దాన్ని కాపాడాయి. నక్క ముక్కు మీద అప్పటికే నాలుగు గాట్లు. పిల్ల దానంతట అదే బయటికి వస్తుందని కాచుకుని ఉందా జిత్తులమారి. ఈలోగా కుక్క వస్తుంటే ఎముక ఎర వేసింది.

"మెరుపన్నా!" అంది ముత్తెం.

అప్పుడు, పిల్లలూ, పరుగెత్తవలసిన సమయం వచ్చింది. కడుపు తేలిగ్గా ఉంది, కాళ్ళు సిద్ధంగా ఉన్నాయి. మెరుపు నిజంగా మెరుపులా దూకింది. నక్క "అల్లుడూ, అల్లుడూ, చుట్టాలం గదా!" అంటూనే లంఘించింది గానీ, తోక వెంట్రుకలు పిడికెడు మెరుపు నోట్లో ఉండిపోయాయి. ఆ తర్వాత ఆ నక్క ఆ గుట్ట వైపు కన్నెత్తి చూడలేదు.

మెరుపు ముళ్ళని ఒక్కొక్కటే పళ్ళతో తీసింది. తొందరపడలేదు. ముత్తెంని ముందు నడిపించుకుంటూ దొడ్డికి వచ్చింది. వచ్చేటప్పుడు చూస్తే ఎముకకి చీమలు పట్టి ఉన్నాయి. మెరుపు నవ్వుకుంది.

దొడ్డిలో ముందు నక్క వెంట్రుకల్ని పొడలక్క కాళ్ళ దగ్గర పెట్టింది. "తోకకు తోక, అక్కా."

పొడలక్క వాటిని తన వెనక పెట్టుకుని చూసుకుంది. "రంగు కుదరలే," అంది. కానీ ఒక్క వెంట్రుక కూడా పారెయ్యలేదు.

కొమురవ్వ ముత్తెంని ఒళ్ళోకి తీసుకుని కళ్ళు తుడుచుకుంది. సత్తు గిన్నె బయటికి తీసి, నాలుగు రొట్టెలు తుంచి, పక్కనే చెంబెడు పాలు పెట్టింది. "ఈ ఒక్క పూట గిన్నెల తిను బిడ్డా. నీ ఇష్టమున్నంత తిను."

మెరుపు గిన్నె వాసన చూసింది. గుడిసెలోకి వెళ్ళింది. కొక్కేనికి వేలాడుతున్న గొంగడి చాపని లాక్కొచ్చి, అవ్వ పాదాల దగ్గర పరిచి, పక్కన పడుకుని తోక ఊపింది.

"ఓరి పిచ్చోడా! పాలు చాపల ఎట్ల దాయాలెరా?" అని కొమురవ్వ పగలబడి నవ్వింది. రొట్టెముక్కలు చాపలో దాచింది. పాలు ముత్తెంకి పోసింది.

మర్నాడు మంద అడవి లోపలికి కదిలింది. ముందు గొర్రెలు, వెనక కొమురవ్వ, ఆమె భుజం మీద మడతపెట్టిన చాప, అందరి వెనక మెరుపు. ఇంటి దగ్గర గుంజ ఖాళీగా మిగిలింది. సత్తు గిన్నె మాత్రం ఖాళీగా లేదు. పొడలక్క అందులో కాస్త గడ్డి వేసుకుని, దర్జాగా కూర్చుని, గుడ్డు పెట్టింది.

నీతి: ఆత్రం కంటికి కనిపించిందల్లా మింగుతుంది, నిదానం కంటికి కనిపించనిదాన్ని కూడా వెతికి తెస్తుంది.