కంచె మీది ఎర్రచీర

డాక్టర్ పరంజ్యోతిగారిని సూటిగా ప్రశ్న అడిగితే సూటిగా జవాబు రాదని కేన్సర్ వార్డులో అందరికీ తెలుసు. తెలిసి కూడా, ఆమె దగ్గర పని నేర్చుకుంటున్న మస్తాన్‌వలి ఆరోజు ఆగలేకపోయాడు. అంకమ్మ రొమ్ములోని గడ్డ మహా మొండిది. ఏ మందు పెట్టినా కొన్నాళ్ళు తగ్గినట్టే తగ్గి మళ్ళీ లేస్తోంది. "ఈసారైనా పోతుందా నాయనా?" అని ఆ తల్లి అడిగినప్పుడల్లా వలి మాట మార్చేసేవాడు. ఇప్పుడు మేడమ్ పాత మందుతోపాటు, ఇంకా పరిశోధనలో ఉన్న మరో మందు కూడా ఇద్దామంటున్నారు. అది గడ్డ జోలికి పోదు. గడ్డ చుట్టూ చేరి దాన్ని కాపాడుతున్న కణాల మీద పనిచేస్తుందట. అంకమ్మను ఒప్పించాల్సింది వలి. తనకే నమ్మకం కుదరని మాట ఆమెకెలా చెప్పడం?

"చుట్టూ ఉన్నవి ఆమె సొంత కణాలే కదా మేడమ్. వాటితో మనకేం పని?" అన్నాడు.

పరంజ్యోతిగారు కళ్ళద్దాలు తీసి పక్కన పెట్టి, తన చిన్ననాటి సంగతి ఎత్తుకున్నారు. వాళ్ళ ఊరి వాగు పక్కన తుమ్మచెట్లలో నాటుసారా బట్టీ ఉండేది. ఎక్సైజువాళ్ళ జీపు ఎన్నిసార్లు వచ్చినా వాళ్ళకు బూడిద తప్ప ఏమీ దొరికేది కాదు. జీపు ఊరి మలుపు తిరగగానే దారి పక్క ఇంటావిడ కంచె మీద ఎర్రచీర ఆరేసేది. అది చూసి బట్టీవాడు కుండలు దాచేసి జారుకునేవాడు. జీపు వెళ్ళాక మళ్ళీ పొగ లేచేది.

"ఆ చీర మా అమ్మది," అన్నారావిడ.

ఆ సారా తాగి తాగే పరంజ్యోతిగారి నాన్న మంచాన పడ్డాడు. పిల్లల కడుపు నింపేది మాత్రం బట్టీవాడు పంపే బియ్యమే. తన సంసారాన్ని కూల్చినవాడికే ఆ ఇల్లాలు కాపలా కాసింది, పాపం. కొత్తగా వచ్చిన ఎక్సైజు ఎస్సై చీర గుట్టు కనిపెట్టినా ఆమెను స్టేషనుకు ఈడ్చలేదు. అరుగు మీద కూర్చుని, ఇచ్చిన మజ్జిగ తాగి, ఆమె భయమేమిటో అడిగి తెలుసుకున్నాడు. బడిలో పిల్లలకు వండిపెట్టే పని ఇప్పించాడు. ఆ తర్వాత జీపు వచ్చిన రోజున కంచె మీద ఏమీ లేదు. కుండలు పొయ్యి మీదే దొరికాయి.

అంటే కొత్త మందు ఆ కణాలను చంపదు, కాపలా మాన్పిస్తుంది, అప్పుడు పాత మందుకు గడ్డ దొరుకుతుందన్నమాట, అనుకున్నాడు వలి. ఇంతకీ అంకమ్మకు నయమవుతుందని చెప్పవచ్చా అని మెల్లగా అడిగాడు.

"అంత మాటివ్వకు," అన్నారు పరంజ్యోతిగారు. "గడ్డ పక్కన నిలబడ్డవాళ్ళంతా ఆమెకు శత్రువులు కారని మాత్రం చెప్పు."